గండి తోరణం నుంచి రెడ్డెమ్మ పాట దాకా: సీమ కోలుకున్న కథలు

సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అప్పటికి ఆయన మద్రాసు గవర్నరు. పదవి వదిలి ఇంగ్లండుకు వెళ్ళిపోయే ముందు, పాతికేళ్ళ కిందట తాను కలెక్టరుగా తిరిగిన దత్తమండలాలను ఒకసారి చూసి పోదామని వచ్చి ఇక్కడే కన్నుమూశాడు. చరిత్ర పుస్తకం చెప్పేది ఇంతే. మా చక్రాయపేట మండలంలో గండి క్షేత్రం దగ్గర చెప్పుకునే కథ వేరు. పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకొని బయటపడే ఆ ఇరుకులో, లంక నుంచి తిరిగివస్తున్న రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ నడుమ బంగారు తోరణం కట్టాడట. మామూలు కళ్ళకు అది కనపడదు. పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడినప్పుడే కనపడుతుంది. ఆ దారిన పోతున్న మన్రో తలెత్తి చూసి, ఈ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్నవాళ్ళకు కొండలు తప్ప ఏమీ కనపడలేదు. దొర ఇక ఎన్నాళ్ళో బతకడని వాళ్ళకు అర్థమైపోయిందట.

ఈ కథ తెల్లవాళ్ళ కాలం నాటి పుస్తకాలకు కూడా ఎక్కింది. అందరూ దీన్ని మన్రో మంచితనానికి గుర్తుగా చెబుతారు. అంతకంటే ఎక్కువగా ఇది చెప్పినవాళ్ళ గురించి చెబుతుందని నాకనిపిస్తుంది. నిజాం ఈ సీమను 1800లో కంపెనీకి ఇచ్చేసేనాటికి హైదరు, టిప్పు, మరాఠాల సేనలు, నిజాము సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు తొక్కిన నేల ఇది. దాదాపు ఎనభై మంది పాలెగాళ్ళు కోటలు కట్టుకొని, ఊర్ల మీద పడి వసూళ్ళు చేసుకుంటున్నారు. మన్రో వచ్చి వాళ్ళను అణచి, రైతుతో నేరుగా శిస్తు మాట్లాడే పద్ధతి పెట్టాడు. ఆ శిస్తు తేలికైనదేం కాదు. అయినా రాత్రి పడుకుంటే తెల్లవారి ఇల్లు ఉంటుందన్న నమ్మకం కలిగింది. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. ఇల్లు తగలబడిన రాత్రి గురించి గానీ, కొండల్లో దాక్కున్న నెలల గురించి గానీ ఆ తరం వాళ్ళు కథ కట్టలేదు. మమ్మల్ని నిలబెట్టినవాడు పుణ్యాత్ముడని ఒక కథ చెప్పి, అందులో తమ ఊరట అంతా దాచిపెట్టారు.

మా సీమలో గాయం నుంచి కోలుకున్న కథలు వెయ్యేళ్ళకు పైగా దాదాపు ఇదే దారిలో నడిచాయి. కోలుకున్న మనిషి కథలో కనపడడు. చచ్చిపోయిన వీరుడు కనపడతాడు, అన్నం పెట్టిన దాత కనపడతాడు, ముందే చెప్పిన స్వామి కనపడతాడు. బతికి బయటపడినవాళ్ళు ఆ కథను వినిపించే గొంతు మాత్రమే. ఈ పద్ధతి ఎన్నో ఊర్లను నిలబెట్టింది. కొందరిని, ముఖ్యంగా ఆడవాళ్ళను, కథ బయటే వదిలేసింది కూడా.

మొదటి సాక్ష్యాలు రాళ్ళు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలు ఒకప్పటి రేనాడు. తెలుగు మాటలు చెక్కిన తొలి శాసనం, క్రీ.శ. 575 నాటిదని చెప్పే రేనాటి చోళుల శాసనం, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో దొరికింది. ఆ తర్వాతి వందల ఏళ్ళలో ఈ నేలలో వీరగల్లులు లేచాయి. ఊరి పశువుల్ని ఎవరో తోలుకుపోతుంటే అడ్డంపడినవాడు, ఊరి మీద దాడి జరిగితే ఎదురు నిలిచినవాడు ఆ రాళ్ళ మీద ఉంటాడు. అంతస్తులుగా చెక్కిన రాళ్ళయితే కింద పోరు, పైన వీరుణ్ణి చెరోవైపు పట్టుకొని తీసుకుపోతున్న అప్సరసలు, అన్నిటికంటే పైన శివుడి సన్నిధి. వాడి కుటుంబానికి మాన్యం ఇచ్చిన శాసనాలూ ఉన్నాయి. ఊరు తన బాధ్యతను రాయి మీదా నేల మీదా తీర్చుకుంది. కానీ వాడి పెండ్లాం ఆ రాత్రి నుంచి ఎలా బతికిందో చెప్పే రాయి మా నేలలో లేదు.

రాళ్ళ తర్వాత కాగితాలు. కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించుకున్న కైఫియత్తులు పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్ళవి. కడప జిల్లా కైఫియత్తులు చదువుతుంటే ఒక వరస మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఫలానా రాజు కాలంలో అడవి కొట్టి ఊరు కట్టారు. దండు వచ్చి గాని, క్షామం వచ్చి గాని ఊరు పాడుపడింది. కొన్నాళ్ళకు ఇంకొకరు వచ్చి జనాన్ని చేర్చి మళ్ళీ ఊరు నిలబెట్టారు. గుడి, చెరువు, మాన్యాల లెక్క చెప్పి ముగిస్తారు. ఇక్కడ కథానాయకుడు ఊరే. దెబ్బ తిన్నది ఊరు, కోలుకున్నది ఊరు. పోయిన మనుషులు, వచ్చిన మనుషులు అందులో పైరు లెక్కన మారుతుంటారు. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేశారు. పాడుపడి మళ్ళీ లేచిన ఊర్లున్న జిల్లాలో పుట్టిన కథకుడికి ఊరి పేరు మీద అంత మమకారం కలగడంలో ఆశ్చర్యం లేదు.

1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి గండికోట చిక్కింది. పెమ్మసాని వాళ్ళ ఏలుబడి ముగిసింది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఇదే శతాబ్దపు మనిషని సంప్రదాయం. ఆయన 1693లో కందిమల్లయపల్లెలో జీవసమాధి అయ్యాడని చెబుతారు. ఆయన చెప్పిన కాలజ్ఞానాన్ని నమ్మేవాళ్ళకూ నమ్మనివాళ్ళకూ దాన్నిండా జోస్యమే కనపడుతుంది. నాకు దాని పని వేరుగా తోస్తుంది. కోట కూలాక, కాలం తలకిందులయ్యాక, జనానికి పుట్టే మొదటి ప్రశ్న ఇది మాకే ఎందుకు జరిగిందని. ఇది ముందే చెప్పబడింది అన్న జవాబు ఆ ప్రశ్నలోని ముల్లు తీసేస్తుంది. తప్పు నీది కాదు, నీ పూజలో లోపం లేదు, కాలం అట్లా రాసి ఉంది. ఆ ఊరట ఎంత గట్టిదంటే 2020లో కరోనా వచ్చినప్పుడు కూడా మా పల్లెల్లో వార్తల కంటే ముందు తిరిగిన మాట బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్నదే. కాలజ్ఞానం భయపెడుతుందని బయటివాళ్ళు అనుకుంటారు. మా అవ్వలు దాన్ని ధైర్యం కోసం చెప్పుకునేవాళ్ళు.

ఇంకో దారి చావును దేవతగా మార్చడం. తెలుగునాట ఎక్కడికిపోయినా పేరంటాలమ్మ గుళ్ళు ఉంటాయి. మంటల్లోనో నీళ్ళలోనో అన్యాయంగా పోయిన ఆడబిడ్డలు ఆ గుళ్ళలో పసుపు కుంకుమలు అందుకుంటారు. ప్రొద్దుటూరు దసరాకు వచ్చే జనాన్ని చూసినవాళ్ళకు ఆ సంబరం వెనక ఏముందో వెంటనే తట్టకపోవచ్చు. దాని వెనక ఉన్నది పెనుగొండలో రాజు బలవంతపు పెళ్ళికి తలవంచక అగ్నిలో దూకిన వాసవి, ఆమెతో పాటు 102 గోత్రాల దంపతులు. ఒక కులం మొత్తం తన ఊరినీ తన పెద్దల్నీ పోగొట్టుకున్న కథ అది. ఆ దుఃఖం ఇవాళ బంగారు అంగళ్ళ ఊర్లో పది రోజుల అలంకారాలై వెలుగుతోంది. దుఃఖాన్ని పండుగ చేయడం చిన్న విద్య కాదు. అయితే అమ్మవారు కావాలంటే ఆడది చచ్చిపోవాల్సిందే. బతికి కోలుకున్న ఆడదానికి గుడి లేదు.

కరువు దగ్గర ఆగి మాట్లాడాలి. సీమ కథలన్నిటికీ తల్లి అది.

1876లో మొదలై 1878 దాకా నడిచినదాన్ని మావాళ్ళు ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నవి బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లాలో 13.5 లక్షల మంది ఉన్నారు. 1881 లెక్కల్లో 11.2 లక్షలు. పదేళ్ళలో పెరగాల్సిన జనం రెండు లక్షలకు పైగా తగ్గారు. కొందరు వలసపోయి ఉంటారు. ఎక్కువమంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన కలరాతో, జ్వరాలతో పోయారు. కరువు పనులకు పోయినవాళ్ళకు సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్ది డబ్బులు. పౌనంటే అరకిలో కూడా లేదు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇంత జరిగితే జనం నోట ఏం మిగలాలి? చచ్చినవాళ్ళ పేర్లు మిగలలేదు. వాళ్ళకు పాటల్లేవు.

మిగిలినది బుడ్డా వెంగళరెడ్డి పాట. ఉయ్యాలవాడకు చెందిన ఈ రెడ్డి 1866 కరువులో నెలల తరబడి వేలమందికి అంబలీ అన్నమూ పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆ పతకం సంగతి చదువుకున్నవాళ్ళకే తెలుసు. పాట మాత్రం పొలాల్లోకి పోయింది. ధాత కరువు దాటినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ పాడుకున్నది ఆ పాటే. ఆకలిని ఆకలిగా చెప్పుకోవడం మా పెద్దలకు అవమానం. గంజి కోసం బారులో నిలబడ్డానని మనవడికి చెప్పిన తాత అరుదు. మహరాజు పెట్టినాడు, తిన్నాము అని చెప్పడంలో అవమానం లేదు. తీసుకున్న చేతిని కథ దాచిపెట్టి, పెట్టిన చేతిని చూపింది. తలెత్తుకొని బతకడానికి ఆ తరానికి దొరికిన దారి అది. దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

అదే ఉయ్యాలవాడ నుంచి కంపెనీ మీద లేచిన నరసింహారెడ్డి కథ కూడా ఈ కోవలోదే. అతన్ని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. అది ముప్పై ఏళ్ళు అక్కడే ఉందని చెబుతారు. జనం కళ్ళెదుట వేలాడుతున్న ఆ తలకు భయపడి నోరు మూసుకోవాలన్నది తెల్లవాళ్ళ లెక్క. జనం పాట కట్టి తిప్పికొట్టారు.

ఈ కథలన్నిటిలో ఏడుపుకు చోటెక్కడ? ఆ చోటు పీర్ల సావిడి.

మొహర్రం నెలలో సీమ పల్లెల్లోకి వచ్చి చూడండి. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊర్లో కూడా పీర్లు లేస్తాయి. సావిడి ముందర గుండం తవ్వుతారు. రెడ్లూ బోయలూ మాదిగలూ చాకళ్ళూ దట్టీలు కట్టి, చక్కెర చదివింపులు ఇస్తారు. రాత్రి కట్టెలు రగిలాక గుండం చుట్టూ అలాయి తొక్కుతూ పాట ఎత్తుకుంటారు. పాటలో హసన్ హుసేన్లు, దాహంతో అల్లాడిన పసిబిడ్డలు, పెళ్ళినాడే యుద్ధానికి పోయి తిరిగిరాని కాసిం. పెద్ద సరిగెత్తు తెల్లవారుజామున పీర్లు నిప్పుల మీద నడిచేటప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు బోరున ఏడుస్తారు. క్రీ.శ. 680లో కర్బలాలో జరిగిన దానికా ఆ ఏడుపు? దానికే. దాంతో పాటు పోయిన సంవత్సరం బోరు ఎండి పురుగుమందు తాగిన తమ్ముడికి, కడుపులోనే పోయిన బిడ్డకు, కొట్లాటలో పోయిన మొగుడికి కూడా. ఇంట్లో ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్ళుంటారు. సావిడి దగ్గర ఎవరూ అడగరు. పదో రోజు పీర్లను ఏటికి తీసుకుపోయి కడిగి, వట్టి చేతులతో తిరిగి వస్తూ పాడే పాటతో ఆ సంవత్సరపు దుఃఖం ఊరంతా కలిసి దించుకుంటుంది. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయస్వామి దగ్గరికి ఇన్ని జిల్లాల జనం ఎందుకు పోతారో ఒక్కసారి ఆ రాత్రి నిలబడితే తెలుస్తుంది. మానసిక వైద్యం పేరు తెలియని రోజుల్లో మా పల్లెలు తమకు తాము కట్టుకున్న వైద్యశాల సావిడేనని నా నమ్మకం.

ఇరవయ్యో శతాబ్దంలో గొంతు మారింది. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలన్న పేరు పోయి రాయలసీమ అన్న పేరు వచ్చింది. 1950ల్లో సీమకు మళ్ళీ కరువొచ్చి ఊరూరా గంజి కేంద్రాలు లేచాయి. ఆ కాలంలోనే విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాశారు. అందులో మొదటిసారి దాత పక్కకు జరిగి, ఆకలిగొన్న రంగడు, అతని భార్య గంగమ్మ ముందుకు వచ్చారు. తర్వాత కేతు విశ్వనాథరెడ్డి, సొదుం జయరాం, సింగమనేని నారాయణ లాంటి కథకులు కరువును పాటలోంచి కథలోకి తెచ్చారు. ప్రొద్దుటూరు డాక్టరు ఎం.వి. రమణారెడ్డి ‘రాయలసీమ కన్నీటి గాథ’ రాసి, ఈ కన్నీళ్ళకు కారణం వాన ఒక్కటే కాదు, నీళ్ళ పంపకమూ రాజకీయమూ అని లెక్కలతో చెప్పాడు. గాయం కథలో కోపం చేరింది. కాలజ్ఞానం అట్లా రాసి ఉందన్నది. అట్లా రాసింది ఎవరని ఈ పుస్తకం అడిగింది. సీమ మనసులో వచ్చిన అతిపెద్ద మార్పు ఇదేనని అంటాను.

కోపం ఎక్కడికి పోయినా ఒక చోటికి మాత్రం పోలేదు. ఫ్యాక్షన్ పల్లెల్లో ఆడవాళ్ళు ఉండే వంటింటికి.

చావింటి పలకరింపు ఎలా సాగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. చుట్టాలు అన్నం గంపలు తెస్తారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ గడప దాటుతూనే శోకం ఎత్తుకొని, చచ్చిపోయినవాడి భార్య మెడ మీద పడుతుంది. కాసేపు ఇద్దరూ ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకొని, ఎట్ల జరిగిందమ్మా అని అడుగుతుంది. ఆమె మొదట్నుంచీ చెప్పాలి. పొద్దున్నే ఏం తిన్నాడు, ఏ అంగీ వేసుకున్నాడు, గడప దాటుతూ ఏమన్నాడు. ఇంకో ఇద్దరొస్తారు. మళ్ళీ మొదట్నుంచి. పక్కన కూర్చున్న అత్తో తోటికోడలో మరిచిపోయినవి అందిస్తుంటారు. పెద్దదినం నాటికి వందసార్లు చెప్పి ఉంటుంది. ఆ చెప్పడంలోనే దెబ్బ మొద్దుబారుతుంది. ఈనాటి వైద్యులు గదిలో కూర్చోబెట్టి వారం వారం చేయించే పనిని మా ఆడవాళ్ళు పదకొండు రోజుల్లో, పది మంది నడుమ, ఎవరూ నేర్పకుండానే చేస్తారు.

ఫ్యాక్షన్ చావు ఆ పలకరింపును కూడా పాడుచేసింది. అక్కడ ఆమె నోట వచ్చే ప్రతి మాటా కేసుకు పనికొచ్చేదో చెరుపు చేసేదో అవుతుంది. ఎవరెవరు కొడవళ్ళు పట్టారు, ఎవరు బాంబు వేశారు అన్నది ఆమె కళ్ళు చూసినట్టుగా చెప్పడానికి వీల్లేదు. వర్గం పెద్దలు పేర్ల పట్టీ తేల్చాక, పోలీసు కాగితంలో ఏది ఉందో దాన్నే చెప్పాలి. చూడనివాణ్ణి చూశాననాలి, చూసినవాణ్ణి చూడలేదనాలి. కోర్టు వాయిదాలు నడిచినన్నాళ్ళూ, అంటే ఏళ్ళ తరబడి, ఆమె తన కథను తనది కాని రూపంలో మోస్తుంది. ఆఖరుకు రాజీ కుదిరితే అసలేమీ చూడలేదని చెప్పాలి. తన మొగుడి చావును తన మాటల్లో ఒక్కసారి కూడా చెప్పుకోలేని మనిషి ఎలా కోలుకుంటుంది?

సినిమాలు దీనికి మరో అచ్చు పోశాయి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చాక సీమ అంటే సుమోలు, తొడ కొట్టడాలు అన్నట్టయింది. ఆ తెర మీద గాయానికి మందు ఒక్కటే: పగ తీరడం. పగ తీరిన ఇళ్ళల్లో ఇంకో వితంతువు పుట్టడం తప్ప జరిగిందేమీ లేదని పులివెందుల, జమ్మలమడుగు పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. 2018లో ‘అరవింద సమేత వీరరాఘవ’లో మాత్రం ఒక సంగతి జరిగింది. కడప జిల్లా కళాకారుడు పెంచల్‌దాస్ రాసిన రెడ్డెమ్మ తల్లి పాటను మోహన భోగరాజు పాడింది. మొగుణ్ణి పోగొట్టుకున్న రెడ్డెమ్మను పిలిచి ఎత్తుకునే శోకం అది. వందల ఏళ్ళుగా గడప లోపల ఉన్న శోకం మొదటిసారి థియేటరు నిండా వినిపించింది. సీమ ఆడవాళ్ళు ఆ పాటను ఫోన్లలో దాచుకున్నారు.

ఇంత చెప్పాక బయటి లోకంతో పోల్చి చూడొచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగాల పట్టికలో పీటీఎస్‌డీని చేర్చింది. వియత్నాం నుంచి తిరిగివచ్చిన సైనికుల పీడకలల వెనక నడిచిన పోరాటం దానికి ఒక కారణం. అప్పట్నుంచి గాయం అంటే ఒక మనిషి మెదడులో జరిగేది, మందు కూడా ఆ ఒక్క మనిషికే అన్న పద్ధతి లోకమంతా పాకింది. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ మెకాడమ్స్ అమెరికన్ల జీవిత కథలు సేకరించి, 2006లో ఒక పుస్తకం వేశాడు. అక్కడివాళ్ళు కష్టాన్ని చెప్పేటప్పుడు చివరికి దానివల్ల నేను బలపడ్డాను, నేను మారాను, మేలే జరిగింది అని ముగించడం పరిపాటి అని చూపించాడు. ఆ ముగింపు వాళ్ళ మతం నుంచి, బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళ గాథల నుంచి, కష్టపడితే పైకొస్తావన్న నమ్మకం నుంచి వచ్చిందని ఆయన వివరణ. 2004 సునామీ తర్వాత శ్రీలంకకు విదేశీ సలహాదారులు గుంపులుగా వచ్చి ఈ పద్ధతినే తెచ్చారు. అక్కడే పుట్టి పెరిగిన మనస్తత్వ శాస్త్రవేత్త గాయత్రి ఫెర్నాండో మాత్రం వేరే సంగతి గమనించింది. తనవాళ్ళు దెబ్బను తమ లోపల జరిగినదిగా చెప్పడం లేదు. తల్లిగా, అన్నగా, ఊరివాడిగా తమ స్థానం పోయిందని చెబుతున్నారు. ఆ స్థానం తిరిగి దొరికితేనే వాళ్ళకు కోలుకున్నట్టు.

గండిలో ఆంజనేయస్వామి విగ్రహాన్ని దగ్గరగా చూడండి. రాముడు బాణపు మొనతో బండ మీద బొమ్మ గీస్తూ, ఎడమచేతి చిటికెనవేలు పూర్తి చేయకముందే లేచిపోయాడని ఐతిహ్యం. తర్వాత ఎవరో ఉలితో ఆ వేలు చెక్కబోతే నెత్తురు కారిందట. అట్లాగే వదిలేశారు. శ్రావణ శనివారాల్లో ఎక్కడెక్కడి జనమో వచ్చి ఆ అసంపూర్తి వేలికే మొక్కిపోతారు. పూర్తిగా బాగైతేనే కోలుకున్నట్టని ఈ నేల ఎప్పుడూ అనలేదు. తక్కువైన వేలితో నిలబడినవాడు కూడా దేవుడే. బలపడ్డానని చెప్పలేని మనిషిని, ఇంకా ఏడుస్తున్న మనిషిని తక్కువ చేయని ఈ తీరు మాకున్న గొప్ప సొత్తు. అమెరికన్ ముగింపును తెచ్చి మా బిడ్డల నెత్తిన రుద్దక్కర్లేదు.

అయితే మా తీరులోని లోటును కొత్త తరం రచయితలే పట్టుకున్నారు. చక్రాయపేటకు ఇరుగున ఉన్న వేంపల్లె నుంచే ఇద్దరు వచ్చారు. వేంపల్లె గంగాధర్‌కు ‘మొలకల పున్నమి’ కథలకు 2011లో, వేంపల్లె షరీఫ్‌కు ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు వచ్చాయి. ఒకే ఊరికి వరుసగా రెండేళ్ళు! గంగాధర్ ‘పూణే ప్రయాణం’లో కరువు సీమ నుంచి అమ్ముడుపోయిన ఆడపిల్లల దగ్గరికి వెళ్ళాడు. ఏ వీరగల్లూ, ఏ దాత పాటా, ఏ పేరంటాలమ్మ గుడీ వాళ్ళకు చోటివ్వలేదు. తిరిగివచ్చిన బిడ్డను ఊరు పలకరించదు. షరీఫ్ ‘జుమ్మా’ కథలో, శుక్రవారం నమాజుకు పోరా అని కొడుకు వెంటపడే తల్లి ఉంటుంది. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలాక అదే తల్లి, పోవద్దు నాయనా అంటుంది. ఆ ఒక్క మాటలో ఆమె నమ్మకానికి తగిలిన దెబ్బంతా ఉంది. కథ ఆమెను ఓదార్చి సాగనంపదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’లో చదువుకొని ఉద్యోగం దొరక్క బెదిరిపోయిన కుర్రాడు, కరువులో గొర్రెల వెంట నల్లమల ఎక్కి ధైర్యం తెచ్చుకుంటాడు. కరువొస్తే మందను తోలుకొని కదలడం కాటమరాజు కథ నాటి పాత దారి. కానీ ఇక్కడ కోలుకున్నవాడే కథ నడుపుతాడు. అది కొత్త.

రాతలో వచ్చిన ఈ మార్పు ఆఫీసులకు ఎక్కలేదు. రైతు ఆత్మహత్య జరిగిన ఇంటికి పరిహారం కోసం 2004లో 421 నంబరు జీవో వచ్చింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ కలిసిన ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి విచారిస్తుంది. అప్పు పత్రాలేవి, పట్టా ఎవరి పేర ఉంది, పురుగుమందు డబ్బా ఏది? ఆమె మొగుడి చావు అప్పు వల్లనే అని నిరూపణ కావాలి. కౌలు రైతు భార్యకు కాగితమే ఉండదు. ఆయనతో ఆమె బతికిన ఇరవై ఏళ్ళు ఆ పట్టీలో ఏ గడిలోనూ పట్టవు. పరిహారం రావాలి, పత్రాలూ కావాలి, కాదనను. కానీ ఆ ఇంటికి ప్రభుత్వం తరఫున వచ్చిన ముగ్గురిలో ఒక్కరైనా, ఎట్ల జరిగిందమ్మా అని అడిగి, ఆమె చెప్పేదాకా కూర్చోవాలి కదా.

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లె, తొగురుపేట మీదికి నీళ్ళు వచ్చిపడ్డాయి. దివిసీమ ఉప్పెన వచ్చింది కూడా నవంబరు 19నే, 1977లో. దివిసీమకు స్మారక స్తూపం ఉంది, తలచుకునే రోజు ఉంది. చెయ్యేటి వరదకు వార్తల్లో మిగిలినవి కొట్టుకుపోయిన ఇళ్ళ లెక్కలు, రావాల్సిన ఇళ్ళ లెక్కలు. గండికోట జలాశయంలో మునిగిన తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊర్లది ఇంకో దుఃఖం. నీళ్ళు కావాలని తరాలుగా అడిగిన సీమకు నీళ్ళొచ్చాయి, ఆ నీళ్ళకిందే వాళ్ళ గుళ్ళూ గోరీలూ పోయాయి. మునిగినవాళ్ళు ఏడిస్తే నీళ్ళకు అడ్డం పడినట్టు చూస్తారు. వాళ్ళ ఊరి కైఫియత్తు రాసుకునే కరణం ఇప్పుడు లేడు.

కడపలో సి.పి. బ్రౌన్ పేర భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి కట్టించిన గ్రంథాలయం అది. మెకంజీ కైఫియత్తులను అచ్చువేసిన సంస్థ కూడా అదే. కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, తెలుగు శాఖ ఉంది, పరిశోధక విద్యార్థులున్నారు. ప్రతి ఒక్కరి చేతిలో గొంతు పట్టే ఫోనుంది. ఫ్యాక్షన్‌లో మొగుళ్ళను పోగొట్టుకున్న ఆడవాళ్ళు చాలామంది ఇప్పుడు అరవై డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు. కేసులు ముగిశాయి, వర్గాలు చెల్లాచెదురయ్యాయి, ఇక వాళ్ళు తమ మాటల్లో చెప్పడానికి అడ్డేమీ లేదు. పేర్లు బయటపెట్టకుండా, తీర్పులు చెప్పకుండా, వాళ్ళు చెప్పేదాన్ని చెప్పినట్టుగా రికార్డు చేసి దాచాలి. చెయ్యేటి ఊర్లలో, గండికోట ముంపు కాలనీల్లో, కౌలు రైతుల ఇళ్ళల్లో కూడా ఈ పని జరగాలి. మీరు సీమవాళ్ళయితే, మీ వీధిలో అట్లాంటి అవ్వ ఒకరు తప్పకుండా ఉంటారు. కేంద్రాలూ విశ్వవిద్యాలయాలూ కదిలేదాకా ఆగకండి. ఈ వారమే పోయి ఆమె పక్కన కూర్చొని అడగండి.